కంఠతా వచ్చిన దూరం

"ఇప్పుడు ఇంటికెందుకొచ్చారు?"

తలుపు తీస్తూనే ఇల్లాలు అడిగిన మాట అది. మొగుడు గడపలోనే నిలబడిపోయాడు. గోడ మీద గడియారం రెండుంబావు చూపిస్తోంది. ఆ వేళకి విమానాశ్రయంలో తన గదిలో, తన కుర్చీలో ఉండాల్సిన మనిషి. ఈ ఒక్కరోజూ ఆ కుర్చీలోంచి లేవనని పొద్దున ఫోన్లో ఒట్టేసి మరీ చెప్పిన మనిషి.

"మిమ్మల్నే అడుగుతున్నది. పైలట్లకి దారి కాయితం పంపారా?"

"పంపాను."

"మరింకేం?"

"కొంచెం మంచినీళ్ళివ్వు."

"నీళ్ళు తర్వాత. ముందు సంగతేంటో చెప్పండి."

ఆవిడ చేతిలో సగం మడత పెట్టిన దుప్పటి ఉంది. వెనక మంచం మీద సంచి నోరు తెరుచుకుని ఉంది. కూతురి మెత్తటి చొక్కాలు రెండు, దువ్వెన, అది పసితనం నుంచీ వదలని చిరుగుల తలగడ గలేబు అందులో అప్పటికే చేరాయి. కూతురు మూడు వీధుల అవతల ఆస్పత్రిలో ఉంది. ఇవాళ దానికి కాలేయం మార్చబోతున్నారు. ఆ వచ్చే కాలేయం ఎక్కడో దూరపు ఊళ్ళో, మెదడు ఆగిపోయిన ఒక పెద్దాయన ఒంట్లో ఉంది. మంచుపెట్టెలో పెట్టుకుని విమానంలో తీసుకురావాలి. ఆ విమానానికి దారి లెక్క కట్టింది ఎవరయ్యా అంటే, ఇదిగో, గడపలో నిలబడి నీళ్ళడుగుతున్న ఈ తండ్రే.

"నాలుగు గంటల ఇరవై నిమిషాల్లో విమానం వచ్చేస్తుందని డాక్టరమ్మకి చెప్పాను కదా," అన్నాడు.

"చెప్పారు. నా ఎదురుగానేగా ఆవిడ రాసుకుంది."

"రాదు. ఆరు గంటలు పడుతుంది."

దుప్పటి జారి కాళ్ళ మీద పడింది. ఆవిడ దాన్ని తీసుకోలేదు.

అసలు ఈ మనిషితో వచ్చిన చిక్కే ఇది. పంతొమ్మిదేళ్ళుగా ఆ చిన్న విమానాల కంపెనీలో దారి లెక్కలు కడుతున్నాడు. ఏ విమానం ఏ దారిన పోవాలి, ఎంత దూరం, ఎంత ఇంధనం, ఎంతసేపు, అన్నీ ఈయన రాసిచ్చి ఊ అంటేనే పైలట్ బండి కదుపుతాడు. దూరాలన్నీ కంఠతా వచ్చు. ఏ రెండు ఊళ్ళ పేర్లైనా చెప్పండి, మీరు నోరు మూసేలోగా కిలోమీటర్లు చెప్పేస్తాడు. వీధిలో అందరూ దూరాలాయన అనే పిలుస్తారు. అసలు పేరు అడిగితే పక్కింటివాళ్ళు కూడా బుర్ర గోక్కుంటారు. ఆ బిరుదంటే ఆయనకి లోపల్లోపల మహా ముచ్చట. ఆ ముచ్చటే ఇవాళ కొంప ముంచింది.

పొద్దున పదకొండింటికి డాక్టరమ్మ ఫోన్ చేసింది. మీ విమానం ఒకటి ఆ ఊళ్ళోనే ఉందటగా, అక్కణ్ణుంచి ఇక్కడికి ఎంతసేపు, కాస్త చూసి చెప్పండి అని అడిగింది. చూసి చెప్పమంది. ఈయన చూశాడా? లేదు. "మూడువేల నాలుగొందల పన్నెండు కిలోమీటర్లు. నాలుగు గంటల ఇరవై నిమిషాలు," అని ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పేశాడు. ఆ అంకె మీదే ఆవిడ మిగతా లెక్కంతా కట్టుకుంది. ఆ లెక్క మీదే ఆ కాలేయం ఈ పిల్లకి రాసిపెట్టారు.

"మధ్యలో సైన్యం వాళ్ళు కాల్పులు సాధన చేస్తున్నారు," అన్నాడు దూరాలాయన. "మొన్నటి నుంచి ఆ పైన దారి మూసేశారు. చుట్టు తిరిగి రావాలి. మూడువేల తొమ్మిదొందల తొంభై అవుతుంది. అంత దూరం మా చిన్న విమానం ఒక్క ఊపులో రాలేదు. మధ్యలో దిగి ఇంధనం పోయించుకోవాలి."

"మూశారని మీకిప్పుడా తెలిసేది?"

ఆయన చెప్పులు విప్పుకోవడం మొదలుపెట్టాడు.

"ఏవండీ, అడుగుతున్నా. మీకు ముందు తెలుసా, తెలీదా?"

"కాయితం మొన్ననే వచ్చింది. అందినట్టు సంతకం కూడా పెట్టాను. ఆ దారిన మనం నెలకోసారి కూడా పోం కదా అని పక్కన పెట్టాను. డాక్టరమ్మ అడిగేసరికి ఆ కాయితం గుర్తు రాలేదే. పాత అంకె వచ్చేసింది. ఇందాక దారి రాయడానికి కూర్చుంటే అప్పుడు కనబడింది."

వంటింటి గుమ్మంలో ముక్కాలి పీట మీద కూర్చుని ఆయన తల్లి బఠాణీలు ఒలుస్తోంది. డెబ్బై ఆరేళ్ళ మనిషి, చెవులు మాత్రం పాతికేళ్ళవి. ఒలిచిన గింజ గిన్నెలో వెయ్యడం మర్చిపోయి అలాగే పట్టుకుంది.

"చిన్నప్పుడూ అంతేరా నువ్వు," అంది. "పదమూడో ఎక్కం తప్పుగా అప్పజెప్పేవాడివి. అయినా ఎంత గట్టిగా చెప్పేవాడివంటే మేష్టారు కూడా ఓసారి పుస్తకం చూసుకున్నాడు."

"అమ్మా, ఇప్పుడా?"

"ఇప్పుడే మరి. ఇంకెప్పుడు?"

ఇల్లాలు మంచం పట్టె మీద కూర్చుంది. మందుల షాపులో పదేళ్ళుగా ఫ్రిజ్‌లో ఉంచాల్సిన చల్ల మందుల కౌంటర్ చూస్తుంది ఆవిడ. లెక్కలు ఆవిడకీ కొత్త కాదు.

"మొత్తం ఎంతవుతుంది?" అని మెల్లిగా అడిగింది.

"ఒంట్లోంచి తీసి మంచులో పెట్టిన దగ్గర్నుంచి ఇక్కడ కుట్టేదాకా, డాక్టరమ్మ ఏడు గంటల పది నిమిషాలు వేసుకుంది. ఇప్పుడు ఎనిమిదీ యాభై అవుతుంది."

"ఎనిమిది దాటకూడదని కదా ఆవిడ అంది."

"అదే."

ఇచ్చే ఆయన వయసు పెద్దది. ఆ కాలేయం మంచులో ఎక్కువసేపు తట్టుకోదని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఎనిమిది లోపలైతే పిల్లకి, దాటేలా ఉంటే కాలేయం కోసం ఎదురుచూసేవాళ్ళ పట్టీలో రెండో పేరుకి. ఆ రెండో పేరు ఎవరిదో వీళ్ళకి తెలియదు. ఆ దూరపు ఊరికి విమానంలో గంట ఎడంలో ఉంటారని మాత్రం తెలుసు. నాలుగింటికి అక్కడ డాక్టర్లు తీయడం మొదలుపెడతారు. ఎవరికన్నది ఆలోపు ఖాయం చెయ్యాలి.

"ఇప్పుడేం చేద్దామని వచ్చారు?" అంది ఇల్లాలు.

"డాక్టరమ్మకి చెప్పాలిగా."

"చెప్తే?"

"చెప్తే..." ఆయన జేబులో ఫోన్ తడుముకున్నాడు. "నీకు చెప్పకుండా ఆవిడకి ఫోన్ చెయ్యడానికి నాకు చెయ్యి రాలేదే."

"చెయ్యకండి."

"అదికాదు..."

"చెయ్యొద్దంటున్నాను! మీకు దణ్ణం పెడతాను. పైలట్లకి సరైన దారే పంపారుగా? వాళ్ళకేం ప్రమాదం లేదుగా? రానివ్వండి. బయల్దేరాక, దారిలో ఆలస్యమైందట అని చెప్పండి. ఎవరడుగుతారు? విమానాలన్నాక ఆలస్యం కావా?"

"అది పాడైపోయి వస్తే?"

"ముప్పావు గంట! ముప్పావు గంటలో ఏం కొంపలు మునుగుతాయి?"

దూరాలాయన భార్య ముఖంలోకి చూశాడు. "ఆ మాట నువ్వే అంటున్నావా?" అన్నాడు.

ఆయన ఏ సంగతి ఎత్తుతున్నాడో ముగ్గురికీ తెలుసు. పోయిన వేసవిలో షాపులో కరెంటు పోయి, ఫ్రిజ్‌లో చల్లదనం నలభై నిమిషాలు తప్పింది. యజమాని ఏం కాదు అమ్మెయ్యమన్నాడు. ఈవిడ వినలేదు. మందు సీసాలన్నీ తీసి పారేసి, ఉద్యోగం ఊడినా సరే అని ఇంటికొచ్చి పడుకుంది.

"అవి వేరేవాళ్ళ పిల్లల కోసం," అంది చివరికి. "ఇది నా పిల్ల."

ముసలావిడ గిన్నె పక్కన పెట్టింది. "ఆ రెండో పేరుకి కూడా ఓ అమ్మ ఉంటుందే అమ్మాయ్."

"ఉంటే ఉండనివ్వండి అత్తయ్యా! ఆవిడ ఏడుపు ఆవిడ ఏడుస్తుంది. నేను ఏడవట్లేదా? పోయిన నెల ఇలాగే పిలిచారు, పిల్లకి తల స్నానం చేయించి కూర్చోబెట్టాక, బాగాలేదు వద్దన్నారు. ఇంకా వారం, మహా అయితే పది రోజులన్నారు. మళ్ళీ ఎవరు పిలుస్తారు నన్ను? ఎవరు పిలుస్తారు చెప్పండి!"

ముసలావిడ మళ్ళీ గిన్నె ఒళ్ళోకి తీసుకుంది. మీ దగ్గర జవాబుందా? ఆవిణ్ణి అనడానికి నాకు నోరు రావట్లేదు.

దూరాలాయన జేబులోంచి ఫోన్ తీశాడు. తీశాడో లేదో ఆవిడ లేచి వచ్చి చేతిలోంచి లాగేసుకుంది. మోగకుండా నొక్కి, తన తోలు సంచిలో అడుగున పడేసి, జిప్పు లాగేసింది.

"నాలుగు దాకా ఇది నా దగ్గరే ఉంటుంది. ఆ తర్వాత మీ ఇష్టం, ఊరంతా చెప్పుకోండి."

"ఇది తప్పే."

"తప్పులు మీరొక్కరే చెయ్యాలా?"

ఇల్లాలు దుప్పటి తీసి దులిపి, మళ్ళీ మొదటి నుంచి మడతపెట్టింది.

ఆస్పత్రి దాకా నడిచే వెళ్ళారు. పెద్ద సంచి ఆయన భుజాన, తోలు సంచి ఆవిడ చంకలో. నిజానికి ఆ సంచి లాక్కోవడం ఆయనకి ఎంతసేపు పని? దారి పొడుగునా ఆ సంచి వంకే చూశాడు, లాక్కోలేదు. ఎవరో బలవంతంగా ఆపుతున్నారని అనుకోవడంలో ఉన్న సుఖం చిన్నది కాదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలిసి సిగ్గుపడుతూనే నడిచాడు.

మొదటి మలుపులో తాళాలు బాగుచేసే ఆయన కొట్టు. రోజూ ఈయన కనబడగానే నోటికొచ్చిన రెండు ఊళ్ళు చెప్పి దూరం అడగడం అతనికి సరదా.

"అన్నా! ఇవాళ కష్టమైంది పట్టుకొచ్చాను. చెప్పుకో చూద్దాం!" అని రెండు ఊళ్ళ పేర్లు అరిచాడు.

దూరాలాయన తలదించుకుని దాటిపోయాడు.

"ఏంటన్నా, రాదా?" వెనకనుంచి నవ్వాడు తాళాలాయన. "ఓడిపోయినట్టేనా?"

ఇల్లాలు వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసింది. అతని నవ్వు అక్కడే ఆగిపోయింది.

రెండో వీధి చివర, రోడ్డు దాటడానికి ఆగినప్పుడు, ఆవిడే నోరు విప్పింది. "నాకు తెలియదనుకుంటున్నారా? చల్లదనం తప్పింది లోపలికి పోతే ఏమవుతుందో నాకు తెలియదా? పిల్ల పొట్ట కోసి, పాడైంది పెట్టి కుట్టేస్తే..." ఆవిడ మాట మింగేసింది. "కానీ అదైనా ఒకవేళ బతుకుతుందేమో అనే ఆశ. ఇది రాకపోతే ఆ ఒకవేళ కూడా లేదండీ."

ఆయన ఆవిడ మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు.

వార్డులో కిటికీ పక్క మంచం కూతురిది. పదిహేడేళ్ళది. సన్నగా, గలగలా ఉండేదని ఇంట్లో గువ్వ అని పిలుస్తారు. ఇప్పుడు కళ్ళు పసుపు ముద్దలు. దురదకి గోక్కున్న చేతుల నిండా గీతలు. పొట్ట మాత్రం నిండుగా పైకి ఉబ్బి ఉంది. నర్సు అప్పటికే ఆకుపచ్చ గౌను తొడిగి, జుట్టు రెండు జడలు వేసి వెళ్ళింది.

"నాన్నేంటి ఇక్కడ?" అంది గువ్వ. "నువ్వు ఆఫీసులో ఉండి విమానం చూసుకుంటానన్నావుగా?"

"నిన్ను చూసిపోదామని వచ్చాడు," అంది తల్లి.

"ఇద్దరూ పోట్లాడుకున్నారా?"

"లేదమ్మా."

"మరి ముఖాలు అలా ఉన్నాయేంటి? కొయ్యబోయేది నన్నా, మిమ్మల్నా?"

తల్లి నవ్వబోయి, నవ్వు రాక, సంచిలోంచి ఆ చిరుగుల గలేబు తీసి తలగడకి తొడగడం మొదలుపెట్టింది. గోడ గడియారం మూడుంబావు దాటింది. గువ్వ తండ్రి చిటికెన వేలు పట్టుకుంది.

"నాన్నా, నాకు భయమేస్తోంది. ఆట ఆడదామా?"

ఆట అంటే వాళ్ళిద్దరి ఆట. దానికి నాలుగేళ్ళప్పుడు మొదలైంది. సూది మందు వేసినా, ఉరుములు ఉరిమినా, పిల్ల ఒక ఊరు చెబుతుంది, తండ్రి దూరం చెబుతాడు, తర్వాత గాలి ఎటు వీస్తుందో చెప్పి, ఎంతసేపట్లో చేరతామో ఇద్దరూ కలిసి లెక్కపెడతారు. చేరేసరికి నొప్పి పోవాలి. అన్నిటికన్నా దూరపు ఊరు మాత్రం బాగా నొప్పెట్టినప్పటికని దాచుకునేది గువ్వ. ఇవాళ దాని కాలేయం ఉన్నది ఆ ఊళ్ళోనే.

"అక్కణ్ణుంచి ఇక్కడికి ఎంత దూరం నాన్నా?"

దూరాలాయన పెదవులు కదిలాయి.

"చెప్పు."

"గువ్వా..."

"మర్చిపోయావా? నువ్వా?"

"మూడువేల నాలుగొందల పన్నెండు," అంది తల్లి, గలేబు కుట్లు సవరిస్తూ, తల ఎత్తకుండా.

గువ్వ తల్లిని చూడలేదు. తండ్రినే చూస్తోంది. పదమూడేళ్ళ ఆటలో ఆయన ఒక్కసారి తడుముకోలేదు. ఆయన బదులు తల్లి ఒక్కసారి చెప్పలేదు.

అప్పుడే డాక్టరమ్మ లోపలికి వచ్చింది. చేతిలో అట్టకి తగిలించిన కాయితాలు. తొందరలో ఉంది, అయినా మంచం పక్కన ఆగి పిల్ల నుదురు నిమిరింది. "అంతా సిద్ధం," అంది. "అక్కడ డాక్టర్లు చేతులు కడుక్కుంటున్నారు. సార్, ఇందులో విమానం సమయం పొద్దున మీరు చెప్పిందే రాశాను. నాలుగూ ఇరవై. సరేనా? అయితే ఇక్కడో సంతకం చెయ్యండి. నేను అటు ఫోన్ చేసి మీ పాపకేనని ఖాయం చేసేస్తాను."

కలం ఆయన చేతికిచ్చింది. మూడూ ముప్పై ఎనిమిది.

మొన్న కూడా ఇలాగే ఒక కాయితం మీద సంతకం పెట్టాడు, చదివి పక్కన పడేసి. కలం కాయితం మీద ఆనింది. అక్కడే ఆగింది. ఎదురుగా భార్య, రెండు చేతులూ దగ్గరికి చేర్చి, డాక్టరమ్మకి కనబడకుండా దణ్ణం పెడుతోంది.

"నాన్నా," అంది గువ్వ. "ఎంత దూరం?"

"మూడువేల తొమ్మిదొందల తొంభై," అన్నాడు దూరాలాయన.

డాక్టరమ్మ తలెత్తింది. "ఏమన్నారు?"

చెప్పేశాడు. మూసిన దారి, పక్కన పడేసిన కాయితం, మధ్యలో దిగడం, ఆరు గంటలు. గబగబా, ఊపిరి తీసుకోకుండా చెప్పేశాడు. తప్పంతా నాదే అని మూడుసార్లు అన్నాడు. ఫోన్ సంగతి మాత్రం ఎత్తలేదు.

డాక్టరమ్మ ముఖం ఎర్రబడింది. "పొద్దున చూసి చెప్పమన్నాను మిమ్మల్ని," అంది. "చూసి చెప్పమన్నాను కదండీ! ఎనిమిదీ యాభై అంటే నేను పెట్టలేను. పెడితే బల్ల మీదే పోవచ్చు. పెట్టకపోతే..." పిల్ల వింటోందని గుర్తొచ్చి ఆగింది. "నేను ఆ రెండో పేరు వాళ్ళకి ఫోన్ చెయ్యాలి. చెయ్యక తప్పదు."

"ఎందుకు చెప్పావ్?" అంది గువ్వ.

తండ్రి దాని వైపు తిరిగాడు.

"ఎందుకు చెప్పావ్ నాన్నా? ఊరికే ఆటకి అడిగాను నేను! అబద్ధం చెప్పుండొచ్చుగా! నాకు చచ్చిపోవాలని లేదు. నాకు అస్సలు లేదు..." పసుపు కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. దానికి గట్టిగా ఏడ్చే ఓపిక కూడా లేదు.

తల్లి దాన్ని పొదివి పట్టుకుంది. మొగుడి మీద విరుచుకుపడుతుందని నేనూ అనుకున్నాను. లేదు. పిల్ల జడలో ముఖం దాచుకుని, "నువ్వు తిట్టకే, ఆయన్ని తిట్టకే," అంటూ తనూ ఏడ్చింది. చెప్పనివ్వకపోతే పిల్లని చంపేది తను, చెప్పినందుకు చంపినవాడు ఆయన. ఇంకెవర్ని తిడుతుంది?

డాక్టరమ్మ గుమ్మం దాకా వెళ్ళింది.

"గాలి?" అంది గువ్వ ఎక్కిళ్ళ మధ్య.

"ఏంటమ్మా?"

"నాన్నా, గాలి చూశావా? దూరం అయ్యాక గాలి చెప్పాలిగా. గాలి ఎటుంది?"

దూరాలాయన నిలువునా ఉలిక్కిపడ్డాడు. మధ్యాహ్నం ఒకటిన్నరకి ఆ మూసిన దారి కనబడగానే కంగారుపడ్డాడు. ఉన్న గాలి లెక్కతో ఏదో రాసి పంపేసి పరిగెత్తుకొచ్చాడు. మూడింటికి కొత్త గాలి లెక్క వస్తుంది. రోజూ వస్తుంది. పంతొమ్మిదేళ్ళలో అది చూడకుండా ఒక్క రోజు లేచి రాలేదు.

"ఫోన్," అన్నాడు. "నా ఫోన్ ఇవ్వు."

ఇల్లాలు తోలు సంచి తెరిచింది. జిప్పు రెండుసార్లు ఇరుక్కుంది. ఫోన్ బయటికి తీసి చూసింది. తెర మీద పదకొండు పిలుపులు. పదకొండూ ఆ ఊళ్ళో విమానం పెట్టుకుని కూర్చున్న పైలట్ చేసినవే. చివరిది మూడున్నరకి.

"డాక్టర్ గారూ, ఒక్క నిమిషం! ఒక్కటే నిమిషం!" అని అరిచి, నంబరు నొక్కాడు.

పైలట్ గొంతు పెద్దది. ఫోన్ చెవికి ఆనించుకున్నా గదంతా వినబడింది.

"గురూ! ఎక్కడికి పోయావయ్యా బాబూ! కొత్త గాలి చూశావా? వెనకనుంచి తోసేస్తోంది. ట్యాంకు నిండా పోయిస్తే మధ్యలో దిగకుండా వచ్చేయొచ్చు. నాలుగూ నలభై అయిదులో దింపేస్తాను."

నాలుగూ నలభై అయిదు. మొత్తం ఏడూ ముప్పై అయిదు. ఎనిమిదికి ఇంకా పాతిక నిమిషాలు మిగులు. డాక్టరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఇల్లాలు పిల్ల చెయ్యి పట్టుకుని బిగించింది.

"పోయించావా?" అన్నాడు దూరాలాయన.

"నువ్వు ఊ అనకుండా నేనెలా పోయిస్తాను? అందుకేగా అన్నిసార్లు చేశాను! ఇంధనం బండిని మూడున్నర దాకా కదలనివ్వలేదు. పెద్ద విమానం దిగింది, వాడు అటు చక్కా పోయాడు."

"మళ్ళీ ఎప్పుడొస్తాడు?"

"ఐదన్నాడు. వాడి ఐదు ఎప్పుడవుతుందో వాడికే తెలియాలి."

మంచుపెట్టె ఐదుకి పది నిమిషాల ముందు విమానం దగ్గరికి చేరుతుంది. బండి ఐదింటికే వచ్చినా, ట్యాంకు నింపడానికి ఇరవై నిమిషాలు. అంటే అరగంట ఆలస్యం. మిగులు ఉన్నది పాతిక నిమిషాలు. ఈ లెక్క ఆయనొక్కడే కట్టలేదు. చల్ల మందుల కౌంటర్ ఆవిడ కూడా కట్టింది. నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"ఇంతకీ ఫోన్ ఎక్కడ పడేశావ్ గురూ ఇంతసేపూ?" అన్నాడు పైలట్.

దూరాలాయన భార్య వైపు చూశాడు. ఆవిడ చూపు తిప్పుకోలేదు. చెప్పెయ్యండి అన్నట్టే నిలబడింది.

"నా దగ్గరే ఉంది," అన్నాడు. "చూసుకోలేదు."

ఆవిడ అక్కడే, మంచం కోడు పట్టుకుని, నేల మీద కూలబడింది.

"సార్," అంది డాక్టరమ్మ. గొంతులో ఇందాకటి కోపం లేదు, తొందర మాత్రం ఉంది. ఒక చేతిలో తన ఫోన్, ఇంకో చేతిలో ఆ కాయితం. "నాకు ఒక్క ముక్క చెప్పండి. ఎనిమిది లోపల వస్తుందా, రాదా? వస్తుందంటే పాపకే అంటాను. రాదంటే వాళ్ళని పిలుస్తాను. మధ్యలో వెనక్కి తీసుకునేది లేదు. ఏమని రాసుకోను?"

వస్తుంది అన్న మాట నాలిక చివరే ఉంది. గువ్వ నోరు కొంచెం తెరుచుకుని ఆయన నోటి వంకే చూస్తోంది. నేల మీద కూర్చున్న ఆవిడా అటే చూస్తోంది. అడిగీ అడగ్గానే అంకె చెప్పకపోవడం ఆ మనిషికి జన్మలో అదే మొదటిసారి.

"ఉండండి," అన్నాడు, ఫోన్ మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంటూ. "ఈసారి చూసి చెప్తాను."

డాక్టరమ్మ గోడ గడియారం చూసింది.

"నాలుగింటికి ఎనిమిది నిమిషాలే ఉన్నాయి," అంది.